డబ్బిచ్చి తుంగ కొన్నావా?

పోయిన నెల కలువల గురించి రాస్తూ చివర్లో, "తొట్టి అంచున ఒక తుంగ దుబ్బు కూడా పెట్టుకోండి, బాగుంటుంది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. కలువల మీద వచ్చినవి మూడే ఉత్తరాలు. తుంగ మీద మాత్రం కట్టకట్ట వచ్చాయి, అందులో సగం తిట్లే. పొలంలో పీకలేక చస్తుంటే ఇంట్లో పెంచమంటారా అని! అందుకని ఈసారి శీర్షిక మొత్తం తుంగకే ఇచ్చేశాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మీరు రాసింది చదివి నర్సరీకి వెళ్ళి తుంగ అడిగితే, అతను నవ్వి, గొడుగులా ఆకులు విప్పుకున్న మొక్క ఒకటి, పేపిరస్ అని ఇంకొకటి చేతిలో పెట్టాడు. రెండూ కలిపి నాలుగొందలు. ఇంటికి తెచ్చేసరికి మా అత్తగారు "డబ్బిచ్చి తుంగ కొన్నావా?" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతున్నారు. ఇవి మన ఊరి తుంగలేనా? కాకపోతే మనవి ఏవి?
— ఒక గృహిణి, బరంపురం

జవాబు: మీ అత్తగారి మాట సగం నిజం అమ్మా. ఆ రెండూ తుంగ కుటుంబానివే, కానీ మన ఊరివి కావు. గొడుగు మొక్క ఆఫ్రికా, మడగాస్కర్ వైపుది. పేపిరస్ నైలు నది ఒడ్డుది, ఈజిప్టువాళ్ళు పూర్వం కాగితం చేసుకున్నది దానితోనే. డబ్బు పోసి కొన్నారు కాబట్టి పారేయకండి, కుండీలోనే ఉంచి పెంచుకోండి. ఎప్పుడైనా విసుగొచ్చి తీసేస్తే మాత్రం చెరువులోనో గెడ్డలోనో పడేయవద్దు, ఎండబెట్టి కాల్చేయండి. గొడుగు మొక్క తల విరిగి నీళ్ళలో తలకిందులుగా పడినా వేళ్ళు వేసి బతికేస్తుంది.

మన తుంగని గుర్తుపట్టడం కష్టమేం కాదు. కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించి చూడండి. గడ్డి కాడ గుండ్రంగా దొర్లుతుంది, కణుపులుంటాయి, లోపల డొల్ల. చాలా తుంగల కాడ మాత్రం మూడు పలకలుగా ఉండి వేళ్ళకి తగులుతుంది, కణుపులు కనబడవు, లోపల బెండులా మెత్తగా ఉంటుంది. ఆకులు కూడా పైనుంచి చూస్తే మూడు వైపులకే వస్తాయి. దీనికి లొంగని తుంగలూ ఉన్నాయి, వాటి సంగతి కింద చెప్తాను. ప్రపంచం మొత్తమ్మీద ఈ కుటుంబంలో 5,500 దాకా జాతులున్నాయి, మనం అన్నిటినీ కలిపి తుంగ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఒడియావాళ్ళూ అంతే, ముథా అనేసి ఊరుకుంటారు. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఒక తుంగ ఉన్నచోటే దుబ్బు కట్టుకుని బుద్ధిగా ఉంటుంది, ఇంకో తుంగ నేల కింద పరుగులు పెడుతుంది. తొట్టికి ఏది తెస్తున్నామో తెలియకుండా తెచ్చుకుంటే మీ అత్తగారు ఇంకా గట్టిగా నవ్వుతారు.

దుబ్బు కట్టేవాటిలో నేను ముందు చెప్పేది సైపరస్ ఎగ్జాల్టేటస్. చెరువు లోపలి గట్టున, తూము దగ్గర, కాలవల పక్కన నడుమెత్తు నుంచి మనిషెత్తు దాకా పెరుగుతుంది, పైన పొడుగాటి ఆకులు నాలుగైదు, వాటి మధ్య బంగారు గోధుమ రంగులో పూల కంకులు గుత్తులుగా చిమ్ముతాయి. వానలు వెనకబడ్డాక సాయంత్రం ఎండ దానిమీద పడినప్పుడు చూడాలి. మీరు రెండొందలు పోసిన పేపిరస్‌కి ఇది ఏ మాత్రం తీసిపోదు, పైగా ఊరికే వస్తుంది.

పరుగులు పెట్టేవాటిలో నాకిష్టమైనది ఎలియోకారిస్ డల్సిస్. దీనికి ఆకులే కనబడవు, ఆకుపచ్చ గొట్టాలు నీళ్ళలోంచి నిలువుగా లేచినట్టుంటుంది, కాడ కూడా గుండ్రమే. మూడు పలకల పరీక్షకి లొంగని తుంగల్లో ఇదొకటి. దీనికి వేరే పరీక్ష ఉంది, కాడని కింద నుంచి పైకి నొక్కుకుంటూ పోతే టపటపమని చిన్న చప్పుళ్ళు వస్తాయి. లోపల గదులు గదులుగా అడ్డుపొరలుంటాయి, అవి పగిలే చప్పుడు అది. చిన్నప్పుడు చెరువు దగ్గర పశువులు కాసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బజార్లో చైనా వంటలకి డబ్బాల్లో అమ్మే వాటర్ చెస్ట్‌నట్ దీని పెంపుడు రకం దుంపే. మన చెరువులో దొరికేదాని దుంప చిన్నది, ఏ చెరువు దుంపనీ పచ్చిగా మాత్రం నోట్లో పెట్టకండి.

ఇక కసేరు అని హిందీవాళ్ళు పిలిచేది, యాక్టినోస్కిర్పస్ గ్రోసస్. ఆరడుగులు పెరుగుతుంది, చాలా ఠీవిగా ఉంటుంది. దీన్ని మట్టి అడుగున్న చెరువులో వదిలిన పాపం నాది. పెరట్లో పన్నెండడుగుల గుంట తవ్వించుకుని, మధ్యలో తామర, ఒక మూల ఈ కసేరు, కుండీ లేకుండా నేరుగా మట్టిలో నాటాను. మొదటి ఏడాది అందరికీ పిలిచి చూపించాను. రెండో ఏడాది వానలకి తామర ఆకుల మధ్య నుంచి దీని మొలకలు లేచాయి. మూడో ఏడాదికి తామరే లేదు. నీళ్ళు తోడించి, బురదలో దిగి, దుంపలు ఏరించడానికి రెండు వేసవులు పట్టింది, కూలీలకి పెట్టిన ఖర్చు మా ఆవిడ ఇప్పటికీ లెక్క చెప్తుంది. అప్పట్నుంచి నాకు ఒకటే నియమం: ముందు కుండీ, తర్వాత తుంగ. ఎంత మంచి జాతైనా సరే.

మొక్క ఎక్కడ దొరుకుతుందంటారా? ఊరి పోఖరి, అంటే చెరువు, ఎవరి పంచాయతీదో వాళ్ళని అడిగి, పెద్ద దుబ్బులో ఒక పక్క నుంచి పావు వంతు మాత్రం తీసుకోండి. కాలవలు బాగుచేసి ఒడ్డున పోసిన కుప్పల్లోనైతే కావలసినన్ని దొరుకుతాయి, ఎవరూ ఏమీ అనరు. చిలిక సరస్సులో నలబణ పక్షుల అభయారణ్యం, అక్కడి నుంచి ఒక్క ఆకు కూడా తేకూడదు. మన గంజాం జిల్లాలోనే ఛత్రపురం దగ్గరి తంపరా సరస్సు కూడా 2021లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరింది, దాని జోలికీ వెళ్ళకండి. ఎక్కడి నుంచి తెచ్చినా రెండు వారాలు విడిగా బకెట్లో ఉంచండి, వేళ్ళ మట్టి కడిగి మరీ. గుర్రపుడెక్క మొలకలు, నత్తగుడ్లు అప్పుడే బయటపడతాయి.

ప్రశ్న: మాస్టారుగారికి, మీరు చెప్పినట్టే మా మడి గట్టు మీద తుంగ తెచ్చి తొట్టి పక్కన నాటాను. తొట్లో కాదు, పక్కన. రెండు నెలల్లో మల్లె కుండీల్లో, కరివేపాకు పాదులో, ఆఖరికి ఇటుకల సందుల్లో కూడా అదే మొలుస్తోంది. రోజూ పీకుతున్నా, పీకినకొద్దీ ఎక్కువవుతోంది. ఏం చెయ్యమంటారు?
— విశ్రాంత ఉద్యోగి, పర్లాకిమిడి

జవాబు: ఇలాంటి పని ఎవరో ఒకరు చేస్తారని భయపడుతూనే ఉన్నాను! మీరు తెచ్చింది తుంగముస్త అండీ, సైపరస్ రోటుండస్. వైద్యులు భద్రముస్తలని చూర్ణాల్లో వేసే దుంపలు, అడవిపందులు ముట్టెతో నేల పెళ్ళగించి తినే దుంపలు ఇవే. ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు ఏదంటే శాస్త్రజ్ఞులు మొదట చెప్పే పేరు కూడా ఇదే, మీరు పోయిపోయి దాన్నే ఇంటికి తెచ్చుకున్నారు.

పీకినకొద్దీ ఎందుకు ఎక్కువవుతుందంటే, నేల కింద దుంపలు సన్నని తీగలాంటి వేళ్ళతో గొలుసు కట్టుకుని ఉంటాయి. గొలుసు ఒకటిగా ఉన్నంతసేపు కొన్ని దుంపలే మొలుస్తాయి, మిగతావి నిద్రపోతాయి. మీరు పైన ఆకు పట్టి లాగగానే తీగ తెగుతుంది, దుంపలు కిందే ఉండిపోతాయి, నిద్రపోతున్నవి కూడా లేచి మొలుస్తాయి. అంటే రోజూ మీరే వాటిని లేపుతున్నారు.

కుండీల్లో అయితే మొక్క తీసి, వేళ్ళు కడిగి, ఆ మట్టి మొత్తం మార్చేయండి, వేరే దారి లేదు. పాత మట్టిని డాబా మీద పలచగా పరిచి ఎర్రటి ఎండలో రెండు మూడు వారాలు తిరగేస్తూ ఎండబెడితే దుంపలు చస్తాయి, తడి తగలకూడదు సుమా. పాదుల్లో చిన్న గునపంతో జానెడు లోతు తవ్వి గొలుసు గొలుసుగా తియ్యాలి, పని వానలకి ముందే అయిపోవాలి. దీనికి నీడ అస్సలు పడదు, కాబట్టి పాదు ఖాళీగా ఉంచకుండా ఏదైనా దట్టంగా కమ్మే మొక్క వేస్తే చాలావరకు నీరసిస్తుంది. ఇటుకల సందుల్లోవాటికి మరిగే నీళ్ళు పోసి చూడండి, ఒకసారికి పోదు, నాలుగైదుసార్లు పొయ్యాలి.

మడిలో నుంచి ఏదీ తేకండి అని నేనే పోయిన నెల రాసి ఉండాల్సింది. మడి తుంగల్లో మిగతావి, అంటే సైపరస్ ఇరియా, సైపరస్ డిఫార్మిస్ లాంటివి, ఒక్క పంటకాలం బతికి వేలకొద్దీ విత్తనం రాల్చి పోతాయి. తొట్టికి అవీ పనికిరావు. మీక్కావలసింది ఏళ్ళ తరబడి బతికే చెరువు తుంగ.

ప్రశ్న: సార్, మాది రాయగడ, అద్దె ఇల్లు కాదు సొంతమే, డాబా మీద సిమెంటు వర ఒకటి పెట్టి తొట్టి కట్టాలనుకుంటున్నాను. మట్టి ఏది, లోతు ఎంత, కొత్త సిమెంటుకి మొక్కలు చచ్చిపోతాయంటున్నారు నిజమేనా? ఒకసారి పెట్టి మొక్కలూ చేపలూ రెండూ పోగొట్టుకున్నాను, మళ్ళీ ఆ టెన్షన్ వద్దు.
— ప్రైవేటు ఉద్యోగి, రాయగడ

జవాబు: ముందు బరువు లెక్క చూసుకోండి, మొక్కల మాట తర్వాత. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుండ్రటి తొట్టి నిండితే దాదాపు 300 లీటర్లు, అంటే నీళ్ళే 300 కిలోలు. దానికి సిమెంటు వర బరువు, మట్టి, ఇటుకలు, ఆదివారం చుట్టూ చేరే బంధువులు కలుపుకోండి. శ్లాబు మధ్యలో కాకుండా కింద గోడో దూలమో ఉన్నచోటే పెట్టండి. పాత ఇల్లయితే కట్టిన మేస్త్రీని ఒకసారి పిలిచి చూపించండి.

కొత్త సిమెంటు సంగతి నిజమే. దాంట్లోంచి సున్నం నీళ్ళలోకి దిగుతుంది, ఆ ఘాటుకి చేపలు ముందు పోతాయి, తర్వాత మొక్కలు. నీళ్ళు నింపి మూడు నాలుగు రోజులుంచి పారబొయ్యడం, మళ్ళీ నింపడం, ఇలా మూడు వారాలు చెయ్యండి. మధ్యలో గోడలు కొబ్బరిపీచుతో రుద్దండి. ఆ తర్వాత తుంగ పెట్టి, అది కొత్త పిలక వేశాకే చేపలు వెయ్యండి.

మట్టి అంటే చెరువు బంకమట్టి, లేదా పొలంలో అడుగు మట్టి. నర్సరీలో కొబ్బరిపొట్టు కలిపి అమ్మే తేలిక మట్టి పోస్తే పొట్టంతా పైకి తేలి తొట్టి టీ డికాక్షన్‌లా అవుతుంది. పచ్చిపేడ అసలొద్దు. మీ చేపలు పోయింది సిమెంటు వల్లో పేడ వల్లో నాకు తెలియదు గానీ, నా చేపలు మాత్రం పేడవల్లే పోయాయి. మొక్క బలంగా రావాలని రెండు దోసిళ్ళు కలిపాను, అది నీళ్ళలో కుళ్ళి గాలి లేకుండా చేసింది, తెల్లారేసరికి అన్నీ తేలాయి. బాగా మాగిన ఎరువైనా గుప్పెడు చాలు, అది కూడా కుండీ అడుగున మట్టి కింద. తుంగ బీదరికంలోనే బాగా బతుకుతుంది, బలమంతా ఇస్తే తాగేది పాచే.

పదంగుళాలో పన్నెండంగుళాలో కుండీ తీసుకుని, అడుగు రంధ్రం మీద పాత నూలుగుడ్డ పరిచి, మట్టి నింపి, దుబ్బులో నుంచి నాలుగైదు పిలకలున్న ముక్క వేరుతో సహా నాటండి. ఆకులు జానెడుంచి పైన కత్తిరించెయ్యండి, జాలి పడకండి, వేళ్ళు పట్టేదాకా అంత ఆకుని అది మొయ్యలేదు. మట్టి పైన అంగుళం మందాన గులకరాళ్ళు పరిస్తే మట్టి లేవదు, చేపలు కెలకవు. కుండీని ఇటుకల మీద నిలబెట్టి, మట్టి మీద రెండు మూడంగుళాల నీళ్ళుండేలా చూడండి. పైన చెప్పిన ఎలియోకారిస్ అయితే అడుగు లోతునా ఊరుకుంటుంది, ఎగ్జాల్టేటస్‌కి అంత లోతొద్దు. రోజుకి అయిదారు గంటల ఎండ కావాలి. వేసవిలో నీళ్ళు ఇంకిపోవడం చూసి తొట్టి కారుతోందని కంగారుపడతారు చాలామంది, ఎండకి రోజుకి అరసెంటీమీటరు పైనే పోతుంది, మీ తొట్టికి మూడు రోజులకి ఒక బకెట్ అనుకోండి, తుంగ బాగా ఎదిగాక ఇంకాస్త ఎక్కువ.

రెండేళ్ళకొకసారి తొలకరిలో దుబ్బు తీసి విడదీయాలి. మధ్య భాగం ముసలిదై ఎండిపోయి ఉంటుంది, జీవమంతా అంచుల్లోనే. అంచు ముక్కలు నాటి మధ్యది పారేయండి. కంకులు గింజ పట్టేముందే కోసి గదిలో వాజులో పెట్టుకోండి, నెలల తరబడి చెక్కుచెదరవు, పక్కవాళ్ళ కుండీల్లోకి విత్తనాలూ వెళ్ళవు.

గాలివానకి పడిపోతుందేమో అని కూడా అడుగుతున్నారు కొందరు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా పెరట్లో మునగ విరిగింది, మామిడి సగం పోయింది, తుంగ మొత్తం నీళ్ళ మీద పరుపు వేసినట్టు పడుకుంది. మర్నాడు కత్తెరతో మొదలుకంటా కోసేశాను. దీపావళికి మళ్ళీ మోకాలెత్తు లేచింది.

ప్రశ్న: తొట్టి పెట్టిన దగ్గర్నుంచి పక్కింటివాళ్ళు దోమలు మీ ఇంట్లోంచే అని గొడవ. తుంగ వల్ల దోమలు పెరుగుతాయా?
— డిగ్రీ విద్యార్థిని, జయపురం

జవాబు: కదలని నీళ్ళు ఎక్కడున్నా దోమ గుడ్లు పెడుతుంది తల్లీ, ఎండాకాలంలో వారం పది రోజుల్లో గుడ్డు రెక్కలొచ్చిన దోమ అయిపోతుంది. తుంగది అందులో తప్పేమీ లేదు. పైగా తూనీగ పిల్ల నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ దోమపిల్లల్ని తినే బతుకుతుంది, ఎదిగాక రెక్కలు విప్పుకోవడానికి నీళ్ళలోంచి పైకి పాకడానికి దానికి ఒక నిలువు కాడ కావాలి. పొద్దున్నే తుంగ కాడలు చూడు, తూనీగ విడిచిపెట్టిన పొట్టు అతుక్కుని ఉంటుంది.

నువ్వు భయపడాల్సింది తుంగకి కాదు, అందంగా ఉందని చాలామంది తొట్లో వదిలే అంతరతామరకి. మాన్సోనియా అనే దోమ పిల్ల గాలికోసం పైకి రాదు, అంతరతామర, గుర్రపుడెక్కల వేళ్ళకి గొట్టం గుచ్చి అక్కడి గాలే పీలుస్తుంది. అందుకే నీళ్ళ పైన చూస్తే పురుగులే కనబడవు. ఈ దోమ ఒక రకం బోదకాలుని మోస్తుంది. ఉంటే ఈ రోజే తీసి ఎండలో పడెయ్యి.

చేపల్లో గాంబూసియా వద్దు, అది అమెరికాది, 1928లో మన దేశానికి తెచ్చారు, దోమలతో పాటు మన చేప పిల్లల్నీ తినేస్తుంది. మన కాలవల్లో తలమీద వెండి చుక్క మెరుస్తూ నీటి పైపైనే తిరిగే చిన్న చేప ఉంటుంది, అప్లోకైలస్ పంచాక్స్, అవి అయిదారు వేస్తే చాలు. పరిగెలు వేసినా సరే. ఒక ఆదివారం పక్కింటివాళ్ళని పిలిచి నీళ్ళలోకి టార్చిలైటు వేసి చూపించు, తర్వాత వాళ్ళ డాబా మీద పాత టైర్లో ఏముందో కూడా ఒకసారి చూసిరా.

ప్రశ్న: మాది గోపాలపూర్. బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, కలువ రెండుసార్లు మాడిపోయింది. తుంగ అయినా బతుకుతుందా?
— టిఫిన్ హోటల్ నడిపే ఒక పాఠకుడు

జవాబు: ఉప్పు ఎంతుందో దాన్ని బట్టి. చిలికనే చూడండి. నలబణ అంటే నల అడవి, ఆ నల మన కిక్కిస గడ్డి కుటుంబంది, తుంగ కాదు, అయినా మాట కోసం చెప్తున్నాను. సముద్రంలోకి దారి పూడుకుపోయి ఉప్పు తగ్గినన్నాళ్ళు చిలిక ఉత్తరం వైపు ఇలాంటి గడ్డీ, నీటికలుపూ కమ్ముకుపోయాయి. 2000లో కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పు పెరిగింది, కలుపు వెనక్కి తగ్గింది. నీటి మొక్కల్లో ఏది ఉండాలో ఏది పోవాలో ఉప్పే తేలుస్తుంది.

మీలాంటివాళ్ళకి షీనోప్లెక్టస్ లిటొరాలిస్ అని ఒకటుంది, ఉప్పుకయ్యల్లో, మొగల దగ్గర నీళ్ళలో నిలువు కాడలతో గుంపుగా పెరుగుతుంది. కొంచెం ఉప్పుకి అది జంకదు. అయితే ఒక్కటి మర్చిపోకండి, వేసవిలో నీళ్ళు ఆవిరై పోతాయి కానీ ఉప్పు పోదు. మీరు పైపైన బోరునీళ్ళు కలుపుతూ పోతే తొట్లో ఉప్పు నెలనెలకీ పెరుగుతూనే ఉంటుంది. నెలకోసారి సగం తోడి పారబోసి కొత్తవి పొయ్యండి. ఇంకా మంచిది, వానాకాలం డాబా నీళ్ళు డ్రమ్ముకి పట్టి దాచుకోండి. అప్పుడు కలువ కూడా బతుకుతుంది.

ప్రశ్న: సార్, మాది సిరొంచ. మా బడిలో పిల్లలతో చిన్న నీటి తోట చేస్తున్నం. గోదావరి, ప్రాణహిత ఒడ్డున తుంగ మస్తుగుంటది, మరాఠీ సార్లు లవ్హాళా అంటరు. కానీ ఎండకాలం ఒడ్డుమీదిదంతా ఎండి తుక్కయితది. తెచ్చి పెడితే బడి సెలవుల్ల చచ్చిపోతదేమో?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఒడ్డున ఎండిపోయేది పైదే సార్, నేల కింద వేరుకాండం బతికే ఉంటుంది, అందుకే తొలి వరదకి మళ్ళీ పచ్చబడుతుంది. తొట్లో మాత్రం పూర్తిగా ఎండనివ్వకండి, కుండీ మట్టి అంత లోతు ఉండదు కదా, వేరు కూడా ఉడికిపోతుంది. మీ వైపు ఎండలు మావాటికంటే ఘోరం. సెలవులకి ముందు కుండీల్ని పెద్ద తొట్టి అడుగుకి దించి, ఆకులు సగానికి కోసి, నీడపట్టున పెట్టండి. వాచ్‌మన్ వారానికి రెండుసార్లు నీళ్ళు పోస్తే గట్టెక్కుతుంది.

పిల్లలతో చేయించదగ్గ పనొకటి చెప్తాను. గడ్డి కాడ, తుంగ కాడ, జమ్ము ఆకు మూడూ ఇచ్చి కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పమనండి ఏది ఏదో. తర్వాత తుంగ కాడ అడ్డంగా బ్లేడుతో మీరే కోసి చూపించండి, స్పంజిలా గాలి గదులు కనబడతాయి. బురదలో గాలి ఉండదు, ఆకు పీల్చిన గాలి ఆ గదుల్లోంచే వేళ్ళకి దిగుతుంది. నీళ్ళలో మునిగిన మట్టిలో వరి ఎలా బతుకుతుందో కూడా అప్పుడే చెప్పేయొచ్చు, అక్కడా ఇదే ఏర్పాటు.

ప్రశ్న: వంటింటి సింకు నీళ్ళు తుంగ తొట్లోకి వదిలితే శుభ్రమైపోతాయని ఒకరు చెప్పారు. నిజమా?
— గృహిణి, బరంపురం

జవాబు: తొట్లోకి నేరుగా వదిలితే వారంలో కంపు, ఆ గొడవ మళ్ళీ నా మీదికి వస్తుంది. నీళ్ళని శుభ్రం చేసేది తుంగ ఒక్కటే కాదు, దాని వేళ్ళ మీదా చుట్టూ ఉన్న కంకర మీదా పట్టే సూక్ష్మజీవులు. ఇందాక చెప్పిన గాలి గదుల్లోంచి కొంచెం గాలి వేళ్ళ బయటికి కూడా వస్తుంది, వాటికి అది ఊతం. కాబట్టి ముందు జిడ్డూ మెతుకులూ ఆపే చిన్న గుంట, తర్వాత కంకర నింపిన కాలవ, అందులో తుంగ, నీళ్ళు కంకర పైకి కనబడకుండా లోపలే మెల్లగా పారాలి. పైకి కనబడితే దోమలు. చివర వచ్చిన నీళ్ళు అరటికి పొయ్యొచ్చు, ఆకుకూరలకి వద్దు, చేపల తొట్టికి అసలే వద్దు. తుంగని ఏడాదికి రెండుసార్లు కోసి బయటికి తీసేయాలి, అది తాగిన సారమంతా ఆ ఆకుల్లోనే ఉంటుంది, అక్కడే కుళ్ళనిస్తే మళ్ళీ నీళ్ళలోకే చేరుతుంది.

ప్రశ్న: తుంగ దుబ్బుల్లో పాములు చేరతాయట కదా?
— పేరు రాయలేదు

జవాబు: కప్పలు చేరితే నీరుకట్టె ఒకటి రావచ్చు. విషం లేదు. నేలమీద చెరువైతే చుట్టూ రెండడుగులు శుభ్రంగా ఉంచండి, డాబా మీద తొట్టికి ఈ భయం అక్కర్లేదు.

ప్రశ్న: మా నాయనమ్మకి ఎనభై దాటాయి. మీ శీర్షిక చదివి వినిపిస్తే "తుంగ పెంచితే నాకో చాప అల్లుకుంటాను" అంటోంది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో అల్లేవారట. తొట్లో తుంగతో చాప అవుతుందా?
— ఒక మనవడు, పర్లాకిమిడి

జవాబు: ఈ ఉత్తరాన్ని చివరికి దాచుకున్నాను బాబూ. పెద్ద చాప అవ్వదు, ఒక మనిషి పడుకునే చాపకి వందలకొద్దీ కాడలు కావాలి, నీ తొట్లో ఒక కోతకి యాభై వస్తే గొప్ప. తమిళనాడులో పత్తమడై చాపలూ బెంగాల్ మేదినీపూర్ మాదూర్ చాపలూ తుంగ జాతి కాడలతోనే, అక్కడ దాన్ని పొలాల్లో పంటలా వేస్తారు. మన చెరువు గట్ల మీద కూడా చాపల తుంగ దొరుకుతుంది, మన పక్క ఒడియావాళ్ళు మసిణా అనేది చాపనే.

అయినా పీటంత ఆసనం ఒకటి అవుతుంది. పూత రాకముందు, కాడ పొడుగ్గా పచ్చగా ఉన్నప్పుడు మొదలుకంటా కొయ్యి. ఆ రోజే చీల్చాలి, ఆరితే చీలదు. నిలువునా రెండుగానో మూడుగానో చీల్చి, లోపలి బెండు గోకేసి, రెండు మూడు రోజులు ఎండబెడితే ముడుచుకుని గట్టిపడుతుంది. అల్లేముందు మళ్ళీ తడపాలి. ఇదంతా నేను నీకు చెప్పడమేంటి, ఆవిడనే అడుగు, నాకంటే బాగా తెలుసు. ఒక్కటి మాత్రం చెయ్యి, ఆవిడ ఊళ్ళో ఆ తుంగని ఏమని పిలిచేవారో, చీల్చేది చాకుతోనా పంటితోనా, రంగు దేంతో వేసేవారో రాసుకుని నాకు పంపు. వచ్చే నెల ఈ శీర్షికలో అవే వేస్తాను.